మెడపై మచ్చ లేదని వదిలేస్తే..

గొంతు బొంగురు, మింగలేకపోవడం, కళ్లలో ఎర్ర చుక్కలు.. పిల్లల్లో ఇవి మెడ గాయానికి ఆనవాళ్లు కావచ్చు
తల్లి నుంచి వైద్యుడి వరకు గుర్తించడంలోనే అసలు చిక్కు

బాగ్‌లింగంపల్లి: నాలుగేళ్ల పిల్లవాడి గొంతు బొంగురుపోయింది. అన్నం ముద్ద మింగలేకపోతున్నాడు. రాత్రివేళ ఉలిక్కిపడి లేస్తున్నాడు. జలుబు చేసిందేమోనని తల్లి పసుపు కలిపిన పాలు పట్టింది. మెడ పట్టేసి ఉంటుందని నాయనమ్మ నూనె రాసి మర్దన చేసింది. వీధి చివర మందుల దుకాణంలో దగ్గు మందు ఇచ్చి పంపారు. మెడపై మచ్చ ఏదీ లేనందున గాయమన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇది ఫలానా ఇంట జరిగిన సంఘటన కాదు. ఎవరి ఇంటనైనా జరగదగినది. ఇలాంటి పిల్లవాడి మెడ అంతకుముందు ఎక్కడో బిగుసుకొని ఉండవచ్చు. లేదా ఎవరి చేతులైనా బిగించి ఉండవచ్చు. ఆ ప్రశ్న ఎవరూ అడగకపోతే జవాబు బయటకు రాదు.

గొంతు నులమడం వల్ల, మెడకు తాడో బట్టో బిగుసుకోవడం వల్ల పిల్లలకు కలిగే గాయాలను గుర్తించడం వైద్యరంగంలో కష్టమైన పనుల్లో ఒకటి. చేయి విరిగితే వాపు వస్తుంది. తల పగిలితే రక్తం కారుతుంది. మెడ బిగిస్తే మాత్రం పైన ఏమీ కనిపించకపోవచ్చు, లోపల ప్రాణాపాయం పొంచి ఉండవచ్చు. బాగ్‌లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్లలోనైనా, నాలా పక్కన ఒంటిగది ఇళ్లలోనైనా, మారుమూల పల్లెలోనైనా పరిస్థితి ఒక్కటే. చూడవలసిన చోట చూసే కన్ను కావాలి. చూసినదాన్ని కాగితంపై పెట్టే చేయి కావాలి.

వార్తకెక్కేవి మరణాలే..

గొంతు నులిమిన ఘటనలు పత్రికల్లోకి వచ్చేది పసిప్రాణం పోయాకే. 2020 అక్టోబరులో మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల బాలుడిని డబ్బు కోసం అపహరించి గొంతు నులిమి చంపారు. ఈ కేసులో నిందితుడికి జిల్లా న్యాయస్థానం 2023 సెప్టెంబరులో మరణశిక్ష విధించింది. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ సైదాబాద్‌లోని సింగరేణి కాలనీలో ఆరేళ్ల బాలికను పొరుగింటి వ్యక్తే బలిగొన్న దారుణం రాష్ట్రాన్ని కుదిపేసింది. నిందితుడు వారం రోజుల తర్వాత స్టేషన్ ఘన్‌పూర్ సమీపంలో రైలు పట్టాలపై శవమై కనిపించాడు. ఈ రెండు ఘటనల్లోనూ గాలింపు బృందాలు కదిలాయి, జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం స్పందించింది.

మెడ బిగించాక బతికి బయటపడిన పిల్లల సంగతి వేరు. వారికి ఊరేగింపులు లేవు, కొవ్వొత్తులు లేవు. కోపంతో మెడ పట్టుకొని గోడకు అదిమిన తండ్రి, ఏడుపు మానలేదని గొంతు నొక్కిన సంరక్షకురాలు, ఆటలో చున్నీ బిగించిన తోటి పిల్లలు.. ఇలాంటివి ఇంటి నాలుగు గోడల మధ్యే అణగిపోతాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన జాతీయ అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా వాటిలో ఒకటి. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్లు ఆ అధ్యయనంలో తేలింది. కుటుంబంలో హింసకు గురైనవారిలో 88.6 శాతం మంది విషయంలో చేయి చేసుకున్నది తల్లిదండ్రులే. బయటి వ్యక్తుల కన్నా ఇంటివారి గురించే ముందుగా ఆలోచించవలసి రావడం చేదు నిజం.

కనిపించని గాయం ఎందుకు?

మెడలో ఊపిరి గొట్టం, మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనులు, మెదడు నుంచి రక్తం వెనక్కి తెచ్చే సిరలు పక్కపక్కనే ఉంటాయి. సిరలు పలుచనివి, చర్మానికి దగ్గరివి. ఒత్తిడి పడగానే మొదట మూసుకునేవి అవే. పైకి వెళ్లిన రక్తం కిందికి దిగే దారి లేక ముఖంలో, కళ్లలో నిలిచిపోతుంది. సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. కనురెప్పల లోపల, కనుగుడ్డు తెల్లభాగంలో, చెవుల వెనుక, నోటి అంగిట్లో సూదిమొనంత ఎర్ర చుక్కలు ఏర్పడేది అందుకే. ఒత్తిడి కొద్దిసేపే ఉన్నా, ధమనులు కూడా పూర్తిగా మూసుకున్నా ఈ చుక్కలు రాకపోవచ్చు. కాబట్టి చుక్కలు ఉంటే అనుమానించాలి, లేనంత మాత్రాన కొట్టిపారేయకూడదు.

పెద్దల శరీరంతో పోల్చి పిల్లలను అంచనా వేయడం మరో పొరపాటు. శిశువుల మెడ పొట్టిగా, కొవ్వుతో నిండి ఉంటుంది. స్వరపేటిక పెద్దల కన్నా పైభాగంలో ఉంటుంది. దాని మృదులాస్థి, నాలుక అడుగున ఉండే హయాయిడ్ ఎముక మెత్తగా వంగే స్థితిలో ఉంటాయి. పెద్దల్లో విరిగే ఎముక పిల్లల్లో వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అందుచేత ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలితే గొంతు నొక్కలేదని అర్థం కాదు.

కనిపించని గాయం ఎంత సాధారణమో అమెరికాలోని శాండియాగో నగర అనుభవం చాటింది. అక్కడ 1995లో ఇద్దరు టీనేజీ బాలికలు హత్యకు గురయ్యాక గొంతు నులిమిన 300 పోలీసు కేసులను తిరగదోడారు. ఫలితాలు 2001లో వెలువడ్డాయి. సగం కేసుల్లో కంటికి కనిపించే గాయమే లేదు. మరో 35 శాతం కేసుల్లో గాయం ఫొటోకు అందనంత స్వల్పంగా ఉంది. ఆ కేసుల్లో బాధితులు ప్రధానంగా మహిళలు. నోరు విప్పి చెప్పగల పెద్దల విషయంలోనే ఇలా ఉంటే, మాటలు రాని పసివారి సంగతి చెప్పనవసరం లేదు. చామనఛాయ, నలుపు మేనిఛాయ ఉన్న మన పిల్లల్లో కమిలిన గుర్తులు మరింత మసకగా కనిపిస్తాయి. పగటి వెలుతురులో, కళ్లలోపల, పెదవి లోపల వెతికితేనే దొరుకుతాయి.

ఇంట్లో, బడిలో ఏం చూడాలి?

గొంతు మారడం తొలి హెచ్చరిక. బొంగురుపోవడం, మాట పెగలకపోవడం, శిశువుల్లో ఏడుపు స్వరం మారడం గమనించాలి. మింగడానికి ఇబ్బంది పడటం, చొంగ కార్చడం, ఊపిరి తీసేటప్పుడు గురక వంటి శబ్దం, మెడ కదిలించనివ్వకపోవడం ఆ తర్వాతివి. వాంతులు, మత్తు, తికమక, మూర్ఛ, స్పృహ తప్పడం, అలవాటు లేకున్నా బట్టల్లో మూత్రం పోవడం మెదడుకు ప్రాణవాయువు తగ్గిందనడానికి సూచనలు. జరిగినదాంట్లో కొంతభాగం పిల్లవాడికి గుర్తే లేకపోవచ్చు. దానిని అబద్ధంగా భావించడం తగదు.

మెడపై వేలి గుర్తుల వంటి కమిలిన మచ్చలు, గోళ్ల గీతలు, తాడు ఒరిపిడి చార కనిపిస్తే వెంటనే స్పందించాలి. గోళ్ల గీతలు ఎదుటివారివే కానక్కరలేదు. బిగింపును విడిపించుకునే ప్రయత్నంలో పిల్లలే తమ మెడ గీరుకుంటారు. ఆ గీతలు చూసి ‘తానే గీరుకున్నాడు’ అని తేల్చేస్తే పోరాడిన గుర్తునే వారికి వ్యతిరేక సాక్ష్యంగా మార్చినట్లవుతుంది.

పిల్లల ఒంటిపై కమిలిన గాయాల్లో ఏది ఆటలోది, ఏది హింస వల్ల వచ్చిందో వేరు చేసేందుకు అమెరికా శిశువైద్యులు ‘టెన్-ఫోర్-ఫేసెస్-పి’ పేరిట ఒక సూత్రం రూపొందించారు. అయిదు ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో రెండు వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2021లో దీనిని ధ్రువీకరించారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మొండెం, చెవి, మెడపై కమిలిన గుర్తు ఉంటే అది మామూలు దెబ్బ కాదేమోనని ఆరా తీయాలి. పైపెదవిని చిగురుకు కలిపే పొర, దవడ మూల, బుగ్గ కండ, కనురెప్ప, కంటి తెల్లభాగంలో గాయం ఉన్నా, అచ్చు గుద్దినట్లున్న మచ్చ ఒంటిపై ఎక్కడ కనిపించినా అంతే. నాలుగు నెలలు, అంతకు తక్కువ వయసు శిశువుకు ఎక్కడ కమిలినా అనుమానించాల్సిందే. పాకడం కూడా రాని బిడ్డ తనంతట తాను దెబ్బ తగిలించుకోదన్నది దీని వెనుక ఉన్న సామాన్య తర్కం. నడక వచ్చిన పిల్లలకు మోకాళ్లు, మోచేతులు, నుదురు దెబ్బ తినడం సహజం. మెడ మాత్రం తల, భుజాల మధ్య దాగి ఉంటుంది. పడిపోయినప్పుడు అక్కడ దెబ్బ తగలడం అరుదు.

పోలికలతో పొరబాటు తగదు

అనుమానించడమంటే నేరం మోపడం కాదు. ఎర్ర చుక్కలకు ఇతర కారణాలూ ఉన్నాయి. డెంగీ సోకి ప్లేట్‌లెట్లు తగ్గినా చర్మంపై, కళ్లలో చుక్కలు వస్తాయి. వానాకాలంలో బాగ్‌లింగంపల్లికి పక్కనే ఉన్న నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి కిటకిటలాడే రోజుల్లో ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం. కోరింత దగ్గు తెరలు తెరలుగా వచ్చినా, వాంతులు ఎక్కువగా అయినా ముఖంపై చుక్కలు తేలుతాయి. రక్తం గడ్డకట్టని జబ్బులున్న పిల్లలకు చిన్న తాకిడికే కమిలిపోతుంది. పుట్టుకతో వచ్చే నీలి మచ్చలు కమిలిన గాయాల్లా భ్రమ కలిగిస్తాయి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. దిష్టి తగలకుండా మెడలో కట్టే నల్లతాడు, తాయెత్తు పిల్లవాడు ఎదిగే కొద్దీ బిగుతుగా మారి చార తేలుస్తాయి. బొద్దుగా ఉన్న శిశువు మెడ ముడతల్లో చెమటకు ఒరిసి ఎర్రని గీత ఏర్పడుతుంది. వీటిని గొంతు నులిమిన గుర్తుగా పొరబడితే ఓ అమాయక కుటుంబం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగవలసి వస్తుంది. అలాగే నిజమైన బిగింపు గుర్తును ‘తాయెత్తు ఒరిపిడి’ అని సరిపెడితే బిడ్డను మళ్లీ అదే చేతుల్లో పెట్టినట్లవుతుంది. రక్తపరీక్ష, పూర్తి ఒంటి పరీక్ష, ఓపికగా విన్న మాట.. ఈ మూడూ ఉంటేనే రెండు వైపులా అన్యాయం జరగదు.

ఊయల, చున్నీ, నాటకం..

ప్రమాదవశాత్తు మెడ బిగుసుకునే ఘటనలు తెలుగు నాట తక్కువేమీ కావు. దూలానికి, ఇనుప కొక్కేనికి కట్టిన చీర ఊయలలో ఆడుకుంటూ పిల్లలు ప్రాణాలు కోల్పోయిన వార్తలు రెండు రాష్ట్రాల జిల్లాల నుంచి తరచూ వస్తున్నాయి. పసిబిడ్డ నిద్రకు కట్టిన ఊయలలో కాస్త పెద్ద పిల్లలు కూర్చొని గిరగిరా తిరుగుతారు. చీర పేటలు మెలితిరిగి మెడ చుట్టూ బిగుసుకుంటాయి. గొంతు పెగలదు కనుక కేక వినిపించదు. తల్లి పక్క గదిలో ఉన్నా తెలియదు. ఊయల పైభాగంలో రెండు పేటల మధ్య కర్ర అమర్చడం, బిడ్డను తీసిన వెంటనే చీరను ముడివేసి పైకి కట్టేయడం, పెద్దలు లేని సమయంలో ఆ గదిలోకి పిల్లలను వెళ్లనీయకపోవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

ద్విచక్ర వాహనం, ఆటో చక్రంలో చున్నీ చిక్కుకోవడం మరో ప్రమాదం. ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో మెడలోని పొడవాటి కండువా కారు చక్రంలో పడి మరణించారు. శతాబ్దం కావస్తున్నా అదే ప్రమాదం మన రోడ్లపై పునరావృతమవుతోంది. తండ్రి బండి వెనుక కూర్చొని బడికి వెళ్లే బాలిక చున్నీ కొసలు ముడివేసి ఉన్నాయో లేదో చూడటం అర నిమిషం పని.

పిల్లలు చూసినదాన్ని అనుకరిస్తారన్నదీ మరువరాదు. 2004 ఆగస్టులో కోల్‌కతాలో ధనంజయ్ ఛటర్జీ ఉరిశిక్ష, 2006 డిసెంబరులో సద్దాం హుస్సేన్ ఉరి దృశ్యాలు ప్రసారమయ్యాక వాటిని అనుకరించబోయి దేశంలో పిల్లలు మరణించారు. 2022 అక్టోబరులో కర్ణాటకలోని చిత్రదుర్గలో పాఠశాల నాటకం కోసం భగత్‌సింగ్ ఉరి ఘట్టాన్ని ఇంట్లో సాధన చేస్తూ పన్నెండేళ్ల బాలుడు కన్నుమూశాడు. స్వాతంత్య్ర దినోత్సవ నాటికల్లో ఆ ఘట్టాన్ని తెర వెనుక నుంచి మాటల్లో చెప్పించడం మేలు.

ప్రమాదమేనని ఇంటివారు చెప్పినా వైద్యపరీక్ష తప్పనిసరి. చెప్పిన కథకు, మెడపై చార తీరుకు, పిల్లవాడి వయసుకు పొంతన కుదరాలి. ఊయల ఎంత ఎత్తులో ఉంది, ఎవరు మొదట చూశారు, ఎంతసేపటికి ఆస్పత్రికి తెచ్చారు అన్న ప్రశ్నలకు మనిషికో జవాబు వచ్చినా, గంటల తరబడి ఆలస్యం చేసినా లోతుగా ఆరా తీయవలసిందే.

ఆస్పత్రిలో జరగవలసినది

మెడ బిగుసుకున్న పిల్లవాడు లేచి కూర్చొని మాట్లాడుతున్నాడని ఇంటికి పంపడం ప్రమాదకరం. ఊపిరి దారిలో వాపు గంటల తర్వాత పెరగవచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మెడ ధమని లోపలి పొర చిరిగితే అక్కడ రక్తపు గడ్డ ఏర్పడి కొన్ని రోజుల తర్వాత పక్షవాతం రావచ్చు. అందుకే స్పృహ తప్పిన, గొంతు మారిన, మెడపై గుర్తు ఉన్న పిల్లలను ఆస్పత్రిలో ఉంచి గమనించాలి. మొదట ఊపిరి, రక్తప్రసరణ, మెదడు స్థితి చూడాలి. మెడను అనవసరంగా కదిలించరాదు. మింగలేని బిడ్డకు నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.

పెద్దల్లో మెడ రక్తనాళాల చిత్రం కోసం సిటీ స్కాన్ చేస్తారు. పిల్లలకు రేడియేషన్ ముప్పును దృష్టిలో ఉంచుకొని అవసరాన్ని తూచి నిర్ణయించాలి. ఎమ్మారై మేలైనా పసివారిని కదలకుండా ఉంచేందుకు మత్తు ఇవ్వవలసి రావచ్చు. హింస జరిగిందన్న అనుమానం ఉన్న రెండేళ్లలోపు పిల్లలకు ఒళ్లంతా ఎముకల ఎక్స్‌రే తీయాలి. శిశువుల విషయంలో తల స్కాన్, కంటి లోపొర పరీక్ష కూడా అవసరమవుతాయి. మెడ పట్టుకున్న చేయి అంతకుముందు పక్కటెముకలు విరిచి ఉండవచ్చు, బిడ్డను కుదిపి ఉండవచ్చు.

మెడ గాయంతో వచ్చిన పిల్లల విషయంలో లైంగిక హింస జరిగిందా అన్నది, లైంగిక హింసకు గురైన పిల్లల విషయంలో గొంతు నొక్కారా అన్నది తప్పక పరిశీలించాలి. అరవకుండా ఆపేందుకు నేరస్తులు మొదట పట్టుకునేది గొంతునే. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం లైంగిక హింస బాధితులు పోలీసు కాగితం లేకుండా నేరుగా ఆస్పత్రికి రావచ్చు. చికిత్సకు నిరాకరించరాదు. అత్యవసర చికిత్స ముందు, లాంఛనాలు తర్వాత అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది.

బిడ్డతో మాట్లాడే తీరు కూడా చికిత్సలో భాగమే. వెంట వచ్చినవారిని కాసేపు బయట కూర్చోబెట్టి, ‘ఏం జరిగిందో చెప్పు నాన్నా’ అని తెరిచిన ప్రశ్న అడగాలి. ‘నాన్న గొంతు పట్టుకున్నాడా?’ అని జవాబును నోటికి అందించకూడదు. వచ్చిన ప్రతివారూ అదే అడిగి విసిగించకూడదు. బిడ్డ ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోవాలి. ‘ఊపిరి రాలేదు’, ‘కళ్లు చీకటయ్యాయి’ అన్న పసి మాటలే రేపు న్యాయస్థానంలో బలమైన ఆధారాలు.

కాగితంపై ఒక మాట

ఈ వ్యవహారంలో బిడ్డ భవిష్యత్తును తేల్చేది చాలాసార్లు వైద్యుడు రాసే గాయ ధ్రువపత్రమే. పోలీసు పరిభాషలో దానినే వూండ్ సర్టిఫికెట్ అంటారు. అందులో కొలతకు అందే గాయాలు రాయడం అలవాటు. మెడపై మచ్చ లేకపోతే ‘సింపుల్’ అన్న ఒక్క మాటతో ముగిసే ముప్పు ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గొంతు నులమడానికి ప్రత్యేక సెక్షన్ లేదు. మామూలు గాయంగా పరిగణిస్తే 115వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఏడాది జైలు. హత్యాయత్నంగా రుజువైతే 109వ సెక్షన్ కింద పదేళ్ల వరకు, గాయం కలిగిస్తే యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. ప్రాణానికి ముప్పు తెచ్చే గాయం తీవ్ర గాయం కిందికి వస్తుందని 116వ సెక్షన్ చెబుతోంది. మచ్చ ఎంత పొడవున్నదన్న దానికన్నా ప్రాణానికి ముప్పు కలిగిందా అన్నదే ఇక్కడ ముఖ్యం. స్పృహ తప్పడం, గొంతు మారడం, మూత్రం పోవడం, కళ్లలో చుక్కలు వంటివన్నీ కాగితంపైకి ఎక్కితేనే ఆ అభిప్రాయానికి ఆధారం ఉంటుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ లోపాన్ని గుర్తించి ప్రాణం తీయని గొంతు నులుముడును ప్రత్యేక నేరంగా మార్చారు. 2021 నాటి చట్టంలోని ఆ నిబంధన 2022 జూన్ 7 నుంచి అమల్లో ఉంది. గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. మన దగ్గర అలాంటి నిబంధన వచ్చేదాకా వేచి చూడనవసరం లేదు. ఉన్న చట్టాలు వాడుకోవడానికీ అవకాశం ఉంది. బాలల న్యాయ చట్టం-2015లోని 75వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించినవారికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. విద్యాహక్కు చట్టం-2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను నిషేధించింది. లైంగిక హింస అనుమానం ఉంటే పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వడం వైద్యుడికైనా, ఉపాధ్యాయుడికైనా తప్పనిసరి.

ఆధారాల సేకరణలో చిన్న జాగ్రత్తలే కీలకం. కొలబద్ద పక్కన పెట్టి ఫొటోలు తీయాలి. మొదటి రోజు కనిపించని కమిలిన గుర్తు మర్నాడు తేలవచ్చు కనుక ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ తీయాలి. రంగు చూసి గాయం ఎన్ని రోజులదో చెప్పే అలవాటు శాస్త్రీయం కాదు. బిడ్డ మెడను కడగకముందే అవసరమైన నమూనాలు సేకరించాలి. బిగుసుకున్న తాడును, బట్టను విప్పవలసి వస్తే ముడి దగ్గర కాకుండా మరోచోట కత్తిరించి భద్రపరచాలి. ప్రాణం కాపాడే ఆతృతలో ముడి తెగినా తప్పు లేదు. ప్రాణం తర్వాతే ఏ సాక్ష్యమైనా.

బస్తీ నుంచి భరోసా దాకా

హైదరాబాద్‌లో వ్యవస్థలకు కొరత లేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఇళ్ల చెంతనే ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లో 1953 నుంచి నీలోఫర్ పిల్లల ఆస్పత్రి సేవలందిస్తోంది. గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో ఫోరెన్సిక్ నిపుణులున్నారు. 2005లో ప్రారంభమైన 108 అంబులెన్సు పిలిస్తే వస్తుంది. నగర పోలీసులు 2016లో ఏర్పాటు చేసిన భరోసా కేంద్రంలో బాధిత పిల్లలకు వైద్య, న్యాయ, మానసిక సహాయం ఒకేచోట లభిస్తుంది. బాలల సహాయవాణి 1098 నిర్వహణ 2023 నుంచి ప్రభుత్వ చేతుల్లోకి వచ్చింది, 112తో అనుసంధానమైంది. ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్న లేకుండా ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు.

కొరత ఉన్నది ఈ గొలుసు మొదటి కొక్కెంలో. తల్లి, నాయనమ్మ, అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, బడి పంతులు, ఆర్ఎంపీ వైద్యుడు, మందుల దుకాణదారు.. బిడ్డను మొదట చూసేది వీరే. వీరిలో ఒక్కరు ‘గొంతు ఎందుకు మారింది?’ అని అడిగితే గొలుసు కదులుతుంది. అడగకపోతే ఎంత పెద్ద ఆస్పత్రి ఉన్నా ప్రయోజనం లేదు. పల్లెల్లో పరిస్థితి మరింత దయనీయం. రాత్రివేళ శిశువైద్యుడు ఉండే ఆస్పత్రికి చేరాలంటే గంటల ప్రయాణం. మెడ బెణికిందని పట్టించడం, దిష్టి తీయించడంతో విలువైన సమయం గడిచిపోతోంది. అంగన్‌వాడీ, ఆశా శిక్షణల్లో ఒక పూట ఈ అంశానికి కేటాయించడం, బస్తీ దవాఖానాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పేజీ పరీక్షా పత్రం అందుబాటులో ఉంచడం, గాయ ధ్రువపత్రంలో మచ్చలతోపాటు లక్షణాలకూ చోటు కల్పించడం ఖజానాకు భారమయ్యే పనులు కావు.

ఇరుగుపొరుగు పాత్ర కూడా తక్కువేమీ కాదు. ‘వాళ్లింటి గొడవ మనకెందుకు’ అన్న మాట పిల్లల విషయంలో చెల్లదు. గోడ అవతల నుంచి బిడ్డ ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయి, మర్నాడు ఆ బిడ్డ మెడకు తువాలు చుట్టుకొని బయటకొస్తే 1098కు ఒక ఫోను చేయడం చాడీ కాదు. తల్లి సైతం ఆ ఇంట్లో బాధితురాలే అయి ఉండవచ్చు. బిడ్డ గొంతు పట్టుకున్న చేయి ఆమె గొంతూ పట్టుకొని ఉండవచ్చు. బిడ్డను పరీక్షించే వైద్యుడు తల్లినీ ఓ మాట అడిగితే ఇద్దరి ప్రాణాలు నిలుస్తాయి. ఇంట్లో మిగిలిన పిల్లలనూ పరీక్షించాలన్నది అందుకే.

మరణించిన పిల్లలకు శవపరీక్ష న్యాయం చేస్తుంది. బతికున్న పిల్లలకు ఆ న్యాయం చేయవలసింది సకాలంలో జరిగే పరీక్ష. మెడపై మచ్చ కోసం చూడటం మంచిదే, దానికన్నా ముందు గొంతు వినాలి. బొంగురుపోయిన ఆ చిన్న గొంతు ఏం చెప్పబోతోందో విన్నాకే దగ్గు మందు సీసా మూత తీయాలి.